పళ్లెం తప్పు లేదు

తాటికుంట బాలవాడిలో ఇరవై ఏడుగురు పిల్లలు. కొత్త పళ్లాలు వచ్చిన రోజు వాళ్లలో పంతొమ్మిది మంది అన్నం ముట్టలేదు.

అంతకుముందు స్టీలు పళ్లాలుండేవి. అవి కిందపడితే చప్పుడవుతోందనీ, ఆ చప్పుడు పిల్లల మనోవికాసానికి భంగం కలిగిస్తోందనీ బాలభోజన మండలి వారు కనిపెట్టి, జీపులో వేసుకుని తీసుకుపోయారు. వాటి బదులు పసిడికాంతి హోంవేర్ అనే కంపెనీ వారి ప్లాస్టిక్ పళ్లాలు వచ్చాయి. నారింజ రంగు. మధ్యలో నవ్వుతున్న కుందేలు. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి, వేడి పప్పు పోసేదాకా.

పప్పు పోయగానే పళ్లెం మెత్తబడింది. కాలిన చెప్పు వాసన వచ్చింది. కుందేలు ఎడమ చెవి ఊడి పప్పులో తేలింది.

“ఎందుకు తింటలేవే బిడ్డా?” అని ఆయా కొమురమ్మ మూడున్నరేళ్ల మన్వితను బుజ్జగించింది.

“కుందేలు కంపు కొడ్తుంది,” అంది మన్విత ముక్కు మూసుకుని.

కొమురమ్మ వంగి వాసన చూసింది. తనూ ముక్కు మూసుకుంది.

బాలవాడి టీచరు పేరు పోలేపాక స్వరాజ్యం. ఇరవై రెండేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. ఇప్పటికీ ఉద్యోగం తాత్కాలికమే. మిరపకాయ బజ్జీలు కట్టించుకొస్తే ఆ కాగితం కూడా చదివి గాని పారేయని మనిషి. ఆవిడ ఒక పళ్లెం తిరగేసి చూసింది. అన్నం తినే ప్లాస్టిక్ వస్తువు మీద అది ఏ రకందో గుర్తు ఉండాలని, నాసిరకం ప్లాస్టిక్‌లో వేడివి, పుల్లనివి వేస్తే అందులోని రసాయనాలు తిండిలోకి దిగుతాయని, అవి పెద్దల కంటే పిల్లలకే ఎక్కువ చేటని ఆసుపత్రి శిక్షణలో విని రాసుకుంది. పళ్లెం వెనక ఏ గుర్తూ లేదు. ‘ప్రేమతో, మీ పసిడికాంతి’ అని మాత్రం ఉంది.

ఆ సాయంత్రమే కంపెనీకి ఉత్తరం రాసింది. ‘మీ పళ్లెంలో వేడి పప్పు పోస్తే మెత్తబడి కంపు కొడుతోంది. పసిపిల్లలు తినే పళ్లాలకు ఇలాంటి ప్లాస్టిక్ వాడటం ఆపండి’. అంతే. మండలికి ఒక నకలు పంపింది.

కంపెనీ నుంచి పది రోజుల్లో జవాబొచ్చింది. పసిడికాంతి కుటుంబంపై స్వరాజ్యం చూపిన ఆత్మీయతకు కంపెనీ పులకించిపోయిందట. ఆ పులకింతకు గుర్తుగా ఒక కానుక పంపుతున్నారట. అట్టపెట్టె విప్పితే అందులో పన్నెండు పళ్లాలున్నాయి. అదే నారింజ రంగు. అదే కుందేలు.

మండలి మాత్రం విషయాన్ని అంత తేలిగ్గా తీసుకోలేదు. మండలి సాంకేతిక సంచాలకులు దయాసాగర్ గారి అధ్యక్షతన విచారణ జరిగింది. దయాసాగర్ గారు ఏ సమస్యనైనా విడి భాగాలుగా విప్పి చూసే మనిషి. తిరిగి బిగించే పని ఆయన విభాగం కిందకి రాదు. నెల తర్వాత వచ్చిన ఉత్తర్వులో ఆయన నిర్ణయం ఇలా ఉంది:

‘సదరు ఫిర్యాదునందు పళ్లెము, పప్పు, వేడి అను మూడు అంశములు గలవు. పళ్లెము మూడేండ్ల ఒప్పందము ద్వారా సేకరించబడినది గావున మార్చుటకు వీలులేదు. పప్పు పథకమునందు పొందుపరచబడినది గావున తొలగించుటకు వీలులేదు. వేడి మాత్రము ఏ టెండరు ద్వారాను కొనుగోలు చేయబడలేదు. కావున వేడిని తొలగించవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది.’

ఈ ఉత్తర్వు అమలు చేయించడానికి సూపర్‌వైజర్ నళిని స్వయంగా వచ్చింది. ఆమెది మంచి మనసే. కానీ ఏ మాట అనాలన్నా ముందు దానికి సర్క్యులర్ నంబరు ఉందా అని వెతుక్కుంటుంది. సంచిలోంచి జ్వరం చూసే మిషన్ తీసింది. జ్వరాల కాలంలో అందరి నుదుటికీ గురిపెట్టినది అదే.

“ముప్ఫై అయిదు డిగ్రీలు దాటితే వడ్డించొద్దు స్వరాజ్యం గారూ,” అని పప్పు గిన్నెకు గురిపెట్టి మీట నొక్కింది. మిషన్ ఎర్రలైటు వెలిగించి కీచుమంది.

కొమురమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. “అవ్వో! పప్పుకు జరమొచ్చిందా మేడం? గోలీ ఎయ్యాల్నా?”

“ఆరబెట్టాలి,” అంది నళిని గంభీరంగా.

పొద్దున తొమ్మిదింటికి వండిన అన్నం, పప్పు మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఫ్యాను కింద ఆరాయి. అన్నం బెల్లం అచ్చులా గడ్డకట్టింది. పప్పు మీద తోలు కట్టింది. అయినా కంపు పోలేదు. చింతపండు పులుపుకు కుందేలు రెండో చెవి కూడా ఊడింది. స్వరాజ్యం కంపెనీకి రెండో ఉత్తరం రాసింది. ‘చల్లారినా వాసన వస్తోంది. పులుపు తగిలితే రంగు దిగుతోంది. దయచేసి ఈ ప్లాస్టిక్ మానండి’.

కంపెనీ మళ్లీ పులకించింది. మండలి పులుపును నిషేధించింది.

మూడో ఉత్తరానికి నూనె పోయింది. పోపు పోయింది. ఆకుకూర పళ్లేనికి పచ్చరంగు అంటిస్తోందని అదీ పోయింది. నాలుగో ఉత్తరానికి, ఆహారానికీ పళ్లేనికీ గల సంబంధం నాలుగు నిమిషాలకు మించరాదని ఉత్తర్వు వచ్చింది. నళిని ఒక స్టాప్‌వాచ్ తెచ్చిచ్చి, సంతకం పెట్టించుకుంది. మూడేళ్ల పిల్లలు నాలుగు నిమిషాల్లో తినేది రెండు ముద్దలు. అందులో ఒకటి పక్కవాడి మీద పడుతుంది.

రెండు నెలలకు పిల్లల్ని తూచారు. పదకొండు మంది తగ్గారు. మన్విత కిలో తగ్గింది. ఆ పిల్ల తల్లి లావణ్య బట్టలు కుట్టుకుని బతుకుతుంది. కూతురి గౌను నడుం దగ్గర రెండుసార్లు లోపలికి కుట్టి మూడోసారి బాలవాడికి వచ్చింది.

“ఇంటికాడ మంచిగనే తింటది టీచర్. ఈడ ఏమైతుంది?”

స్వరాజ్యం ఇరవై రెండేళ్లలో ఏ తల్లి ముందూ తలదించుకోలేదు. ఆ రోజు దించుకుంది.

మండలి నుంచి మెమో వచ్చింది. ‘పదకొండుగురు బాలల బరువు తగ్గుటకు కారణమేమి? వివరణ ఇవ్వనియెడల మీపై చర్య ఏల తీసుకొనరాదు?’ స్వరాజ్యం దాని కిందే ఒక్క మాట రాసి పంపింది. ‘పళ్లెం’.

దయాసాగర్ గారు నిష్పక్షపాతి. వెంటనే పళ్లేన్ని తూకం వేయించారు. ‘పళ్లెము బరువు ఒప్పందమునందు పేర్కొన్న ప్రకారము నూట నలుబది గ్రాములు యథాతథముగా గలదు. బరువు తగ్గినది బాలలు మాత్రమే. కావున పళ్లెము తప్పు లేదు’ అని తేల్చారు.

ఆ కాగితాన్ని స్వరాజ్యం రెండుసార్లు చదివి మడిచి పెట్టింది. తర్వాత కొమురమ్మను పిలిచింది.

“కొమురవ్వా, నీకు ఇస్తార్లు కుట్టుడు వస్తదా?”

“పెండ్లిండ్లకు నేనే కుట్టేదాన్ని. మోదుగాకు తెస్తే గడియల కుడ్త.”

మర్నాడు ప్రతి నారింజ పళ్లెంలో ఒక మోదుగాకు విస్తరి పరిచారు. కుందేలు కనపడకుండా పోయింది. పొయ్యి మీంచి దించిన పప్పు, ఆకుమీద పొగలు కక్కే అన్నం, వెల్లుల్లి పోపు. పిల్లలు తలెత్తకుండా తిన్నారు. మన్విత ఆకు తుడిచి, ఆకునే కొరకబోతే కొమురమ్మ లాక్కుంది.

మూడో రోజే నళిని తనిఖీకి వచ్చింది. ఆకు చూసి ఆమె ముఖంలో రంగు పోయింది. స్వరాజ్యం ఏమీ దాచలేదు.

“పిల్లలు తింటున్నరు మేడం. రాసుకోండ్రి, నాకేం భయం లేదు.”

“ఇది ఉల్లంఘన అని రాస్తే మీ ఉద్యోగం పోతుంది,” అంది నళిని నెమ్మదిగా. కాసేపు కలం కొరికింది. పిల్లల వైపు చూసింది. జీవితంలో మొదటిసారి నంబరు లేని మాట రాసింది. ‘వినూత్న ప్రయోగం’.

వినూత్న ప్రయోగం అన్న మాట చూస్తే దయాసాగర్ గారికి ఒళ్లు తెలియదు. వారంలో జీపు దిగారు. పళ్లెం, ఆకు, అన్నం వరుసగా ఎత్తి చూశారు.

“అద్భుతం! ఆహారమునకు పళ్లెము యొక్క స్పర్శయే లేదు. స్పర్శ లేదు గనుక హాని లేదు. హాని లేదు గనుక ఇది హానికర ప్లాస్టిక్ కానే కాదు.”

“మరి ఆకు ఉన్నంక పళ్లెం ఎందుకు సార్?” అని స్వరాజ్యం అడిగింది.

“ఆకు ఎక్కడ పెడతారమ్మా?”

“కింద. చాప మీద.”

దయాసాగర్ గారు ఆమెను జాలిగా చూశారు. “చాప మీద పెడితే అది విస్తరాకు అవుతుంది. విస్తరాకు మన నిబంధనల్లో లేదు. పళ్లెంలో పెడితే ‘భద్రతా పొర’ అవుతుంది. భద్రతా పొరకు వెంటనే అనుమతి ఇవ్వగలను.”

ఇచ్చారు. నాలుగువందల బాలవాడుల్లో పళ్లేనికి భద్రతా పొర తప్పనిసరి అయింది. పసిడికాంతి వారు ‘అన్నం తాకని ఏకైక అన్నం పళ్లెం’ అని బస్సుల వెనక బొమ్మలు వేయించుకున్నారు. ఇళ్లల్లో వాడుకునే డబ్బాల మీద, గ్లాసుల మీద కూడా అదే ముద్ర పడింది. నీళ్లు తాకని గ్లాసులో నీళ్లెలా తాగాలో మాత్రం రాయలేదు.

పోనీలే, పిల్లలు వేడిగా తింటున్నారు కదా అని స్వరాజ్యం సరిపెట్టుకుంది. ఆ నెల ఆరుగురు తిరిగి బరువు పెరిగారు. ఆమెకు నిద్ర పట్టసాగింది.

అప్పుడొచ్చింది ఇంకో ఉత్తర్వు. మోదుగాకులు ఒక్కో చోట ఒక్కో ఆకారంలో ఉంటున్నాయట. ఏకరూపత లోపించిందట. కాబట్టి భద్రతా పొరల తయారీని అనుభవం గల సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ పసిడికాంతి.

పెట్టె విప్పిన కొమురమ్మకు ముందు అర్థం కాలేదు. పచ్చగా, గుండ్రంగా, ఈనెలతో సహా అచ్చు మోదుగాకు విస్తరే. పుల్లలతో కుట్టినట్టు గీతలు కూడా ఉన్నాయి. వేలితో నొక్కితే కరకరలాడింది. పళ్లెం కంటే పల్చటి ప్లాస్టిక్.

“టీచరమ్మా, గిది ఆకు కాదు. ఆకు ఏషం ఏసుకుంది.”

ఒక ఆకు మీద వేడి అన్నం పెట్టి చూశారు. ఆకు ముడుచుకుని అన్నాన్ని కౌగిలించుకుంది. కంపు పళ్లెం కంపు కంటే ఘాటుగా ఉంది. స్వరాజ్యం గడప మీద కూలబడింది. ఉత్తరాలు రాసీ రాసీ తానే పిల్లల నోటికి రెండో పొర ప్లాస్టిక్ తెచ్చిపెట్టానని ఏడ్చింది. కొమురమ్మ ఆమె పక్కన కూర్చుని, ఆ ఆకును ముక్కలుగా చింపబోయింది. అది చిరగలేదు.

కృత్రిమ పత్రాల ప్రారంభోత్సవం తాటికుంటలోనే జరపాలని మండలి నిర్ణయించింది. ప్రయోగం పుట్టిన చోటు కదా. బుధవారం పదకొండున్నరకు దయాసాగర్ గారు, మండలి సభ్యులు అయిదుగురు, పసిడికాంతి సామాజిక బాధ్యతా విభాగం ఉపాధ్యక్షుడు ప్రణీత్ గారు వచ్చారు. తల్లులందరినీ పిలిపించారు. ప్రణీత్ గారు మాట్లాడుతూ, ప్రకృతికి తిరిగి వెళ్లాలన్నదే తమ కంపెనీ కల అనీ, అందుకే ప్రకృతిని ప్లాస్టిక్‌తో తయారుచేశామనీ అన్నారు. చప్పట్లు నళిని మొదలుపెట్టింది. ఎవరూ అందుకోకపోతే ఆపేసింది.

తర్వాత సహపంక్తి భోజనం. పిల్లలు ఒక వరసలో, అతిథులు ఎదురు వరసలో. పిల్లల ముందు నారింజ పళ్లాలు, వాటిలో పచ్చటి ఆకులు. అతిథుల ముందు మాత్రం జీపు డ్రైవరు తళతళలాడే స్టీలు పళ్లాలు వేశాడు.

స్వరాజ్యం నళిని దగ్గరికి వెళ్లింది. “అదేంది మేడం?”

“నిబంధన డెబ్భై రెండు,” అంది నళిని గొంతు తగ్గించి. “అధికారిక హోదాలో ఆహారం రుచి చూసే వారెవరికైనా స్టీలు పళ్లెం ఇవ్వాలి. దయాసాగర్ సార్ స్వయంగా రాసింది.”

స్టీలు పళ్లాలు ఆరే వచ్చాయి. అతిథులు ఏడుగురు. చివర్లో కూర్చున్న ప్రణీత్ గారికి తక్కువైంది. కొమురమ్మ ఎంతో మర్యాదగా ఒక నారింజ పళ్లెం తెచ్చి, పచ్చాకు పరిచి, పొగలు కక్కే పప్పన్నం పెట్టింది. ఆకు ముడుచుకుంది. ప్రణీత్ గారు కొంచెం వెనక్కి జరిగారు.

“నాకు ఈ రోజు ఉపవాసం అమ్మా.”

“బుధారం ఏ దేవునికి సారూ ఉపాసం?”

“అందరు దేవుళ్లకీ.”

“ఇందాక మూడు సమోసలు తిన్నరు గద?”

“అది... ఉపవాసానికి ముందు.”

తల్లులు గోడవారగా నిలబడి చూస్తున్నారు. లావణ్య ముందుకొచ్చింది. కూతురి ముందున్న పళ్లేన్ని ఎత్తి ప్రణీత్ గారి పళ్లెం పక్కన పెట్టింది.

“మా బిడ్డకు గూడ ఉపాసమే సారూ.”

“మా పిలగానికి గూడ,” అని ఇంకొక తల్లి.

చూస్తుండగానే ప్రణీత్ గారి ముందు ఇరవై ఏడు పళ్లాలు పోగయ్యాయి. ఆయన ముఖం వాటి వెనక సగమే కనిపిస్తోంది. ఫొటోలు తీసే అతను అలవాటుకొద్దీ నాలుగు తీశాడు.

దయాసాగర్ గారు స్టీలు పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచారు. “స్వరాజ్యం గారూ! మండలి కార్యక్రమంలో బాలల సామూహిక ఉపవాసం! మూడు రోజుల్లో వివరణ ఇవ్వండి. లేకపోతే మీ స్థానంలో వేరొకరిని నియమించడం జరుగుతుంది.”

జీపు వెళ్లాక తల్లులు మోదుగాకులు తెచ్చారు. పిల్లలు చాప మీద కూర్చుని తిన్నారు. ఆ రోజుకు గడిచింది. కానీ మూడు రోజుల తర్వాత ఏమిటి? వేరే టీచరు వస్తే ఉత్తర్వులో ఉన్నట్టే వడ్డిస్తుంది.

“నీ నౌకరీ పోతే ఎట్ల టీచరమ్మా?” అని కొమురమ్మ అడిగింది.

స్వరాజ్యం లేచింది. బీరువాలోంచి మండలి నిబంధనల పుస్తకం తీసింది. ఇరవై రెండేళ్లలో ఆవిడ కూడా చదవని కాగితం అదొక్కటే, పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. డెబ్భై రెండో నిబంధన దొరికింది. కింద చిన్న అక్షరాల్లో ఉపనిబంధన కూడా ఉంది. ‘బాలవాడి కేంద్ర బాధ్యులు తగిన వ్యక్తులను గౌరవ రుచి పరీక్షకులుగా నియమించవచ్చును. అట్టివారు అధికారిక హోదా కలిగియున్నట్లు భావించవలెను.’ తగిన వ్యక్తుల వయసెంతో ఎక్కడా లేదు.

శుక్రవారం మండలికి ఇరవై ఏడు నియామక పత్రాలు చేరాయి. ఒక్కో దాని మీద ఒక చిన్న వేలిముద్ర. కొన్నింటి మీద అయిదు వేళ్లూ ఉన్నాయి. అర్హతల గడిలో ‘రోజూ తింటారు’ అని రాసి ఉంది.

దయాసాగర్ గారు మండిపడ్డారు. తిరస్కరించమన్నారు. ఏ కారణం రాయాలని గుమస్తా అడిగాడు. వయసు అని రాద్దామంటే వయసు పరిమితి లేదు. నిబంధనలో లోపముంది అని రాద్దామంటే నిబంధన రాసింది తానే. సవరణ చేయాలంటే సర్వసభ్య సమావేశం జరగాలి. అది ఏడాదికొకసారి. మొన్ననే అయింది. ఆయన మూడు రోజులు ఆ కాగితాలను విడి భాగాలుగా విప్పి చూశారు. నాలుగో రోజు సంతకం పెట్టారు. ఇప్పుడు పిల్లలూ అధికారులే, అధికారులతో ఉపవాసం చేయించే అధికారం ఎవరికీ లేదు గనక, స్వరాజ్యం ఇవ్వాల్సిన వివరణ కూడా రద్దయింది.

ఇరవై ఏడు స్టీలు పళ్లాలు వచ్చాయి. తెచ్చిచ్చిన నళిని పిల్లలకు వరసగా నమస్కారం పెట్టింది. పదవిని బట్టి పెట్టాలి కదా. వెళ్తూ వెళ్తూ ఆ నియామక పత్రం నకలు ఒకటి అడిగి పర్సులో పెట్టుకుంది.

ఆ నకలు ఎన్ని ఊళ్లు తిరిగిందో తెలియదు. దసరా వెళ్లేసరికి నాలుగువందల బాలవాడుల్లో పదివేలకు పైగా గౌరవ రుచి పరీక్షకులు తేలారు. నారింజ పళ్లాలు అడిగేవాడు లేడు. పళ్లాల గుట్ట వెనక ఉపవాసం ఉన్న ప్రణీత్ గారి ఫొటో ఫోన్లలో తిరిగి, ఇళ్లల్లో వాడే డబ్బాలు, గ్లాసులు కూడా జనం కొనడం మానేశారు. పసిడికాంతి వారు ఒక ప్రకటన ఇచ్చారు. ‘పసిపిల్లల క్షేమం కోసం, ఎవరూ అడగకముందే, మాకు మేముగా ఆ ప్లాస్టిక్ వాడకం మానేస్తున్నాం’. స్వరాజ్యం తన నాలుగు ఉత్తరాల నకళ్లు తీసి ఆ ప్రకటన పక్కన పెట్టి చూసుకుంది. నవ్వింది. మానేశారు కదా, ఎవరు అడిగితే ఏం అనుకుంది.

అధికారిక హోదా అన్నాక నెలనెలా నివేదిక పంపాలి. పిల్లలు చెప్పింది చెప్పినట్టు స్వరాజ్యం రాసి, వేలిముద్ర వేయించి పంపుతోంది. పిల్లలకు పథకం కింద రోజూ ఒక గుడ్డు వస్తుంది. మొదటి నెల నివేదికల్లో ‘మండలికి సూచనలు’ అన్న గడిలో ఇరవై ముగ్గురు ఒకటే మాట చెప్పారు. ‘ఇంకో గుడ్డు’.

ఇంతమంది అధికారుల ఏకాభిప్రాయాన్ని మండలి తోసిపుచ్చలేకపోయింది. రెండో గుడ్డు సాధ్యాసాధ్యాలపై అయిదుగురు సభ్యులతో ఉపసంఘం వేస్తామని, పేర్లు పంపమని అన్ని బాలవాడులకూ దయాసాగర్ గారి నుంచి ఉత్తరం వచ్చింది.

స్వరాజ్యం నిబంధనల పుస్తకం తీసి, ఉపసంఘం సభ్యుల కనీస వయసు కోసం మొదటి పేజీ నుంచి చివరి దాకా వెతికింది. ఎక్కడా లేదు. పుస్తకం మూసి, చాప మీద బొమ్మలతో ఆడుకుంటున్న వాళ్లలో కాస్త గట్టిగా మాట్లాడేవాళ్లెవరా అని చూసింది.